చిన్నగ, గాని లావుగ

ఆ రోజు పొద్దున ఐలేశం వేసుకున్న పథకంలో చిక్కు అనేదే లేదు. స్నానం చేసి, చాయ్ తాగి, ఇంటి ముందరి గదిలో ఉన్న తన అచ్చాఫీసులో కూర్చుని, కూతురి పెండ్లి కార్డులో మిగిలిపోయిన రెండు ఇంగ్లీషు అక్షరాలు కూర్చాలి. కార్డులు అచ్చు కొట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, బావమరిది ఎల్లయ్యను వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు కొల్లాపూర్ పోయి, తొలి కార్డు వియ్యంకుడు బాలయ్య చేతిలో పెట్టాలి. మర్నాడు అమావాస్య కాబట్టి ఆ పని ఆ రోజే కావాలి. మిగతా కార్డంతా ముందురోజే కూర్చి, దారంతో కట్టి ఉంచాడు. రెండక్షరాల కోసం ఎవరైనా కంగారు పడతారా అని ఇంకో కప్పు చాయ్ కూడా తాగాడు.

ఆ రెండక్షరాలు బి, ఏ. పెండ్లికొడుకు జంగయ్య హైదరాబాదులో చదివి బి.ఏ. పాసైనవాడు. గొర్లు కాసుకుని బతికిన ఆ వంశంలో అంత చదువు చదివినవాళ్లు అంతకుముందు లేరు. అది పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం; కొల్లాపూర్ వైపు బి.ఏ. అంటే జనం ఇంకా తలతిప్పి చూసేవారు. నిశ్చయం నాడు బాలయ్య ఐలేశాన్ని పక్కకు పిలిచి ఒకే ఒక్క కోరిక కోరాడు.

"బావా, కార్డు మీద మా పిలగాని పేరు పక్కపొంటి బి.ఏ. అని ఇంగ్లీషుల పడాలె. పెద్దగ వద్దు. పెద్దగేస్తే బాలయ్యకు కండ్లు నెత్తికెక్కినయంటరు. చిన్నగ ఉండాలె, గాని లావుగ ఉండాలె. సూసెటోనికి కనవడాలె, మనం సూపిచ్చినట్టు ఉండొద్దు."

"గదెంత పని బావా. అచ్చాఫీసు నాదే గద," అన్నాడు ఐలేశం.

బాలయ్య మంచివాడే. పెట్టిపోతల మాట నోట రానివ్వలేదు. మర్యాద దగ్గర మాత్రం మనిషి మహా సున్నితం. పెద్దకొడుక్కి కుదిరిన మొదటి సంబంధాన్ని, భోజనాల బంతిలో తనకంటే ముందు తన తమ్ముడి విస్తట్లో పప్పు పడిందని, చెయ్యి కడుక్కుని లేచివచ్చి వదిలేసుకున్నాడు. ఆ కథ పాలమూరు జిల్లాలో వాళ్ల కులంవాళ్లందరికీ తెలుసు. ఐలేశానికి మరీ బాగా తెలుసు. కూతురు అండాలు ఈ సంబంధం కుదిరిన నాటి నుంచి కూనిరాగాలు తీస్తూ ఇల్లు ఊడుస్తోంది. అంతకుముందు చీపురు ముట్టుకోమంటే ముఖం ముడుచుకునే పిల్ల. ఆ రాగం చెవిన పడ్డప్పుడల్లా ఐలేశానికి కడుపు నిండినట్టుండేది, వెంటనే భయం కూడా వేసేది. ఒక్క పొరపాటు జరిగితే ఆ రాగం ఆగిపోతుంది.

సీసపు అక్షరాలు పోసి ఉంచిన టైపు గూళ్ల ముందు కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే పేచీ లేదు. ఇంగ్లీషులో ఉంది. అందులోనూ పెద్దక్షరం రూపంలోనే ఉండి, ఎత్తులో మాత్రం చిన్నక్షరంతో సమానంగా నిలబడే రకం ఇంకొకటి ఉంది. అచ్చాఫీసుల్లో వాటిని స్మాల్ క్యాపులంటారు. బాలయ్య తెలియకుండానే అడిగింది వాటినే. అవి ఐలేశం దగ్గర ఉన్నాయి, కాని సన్నవి. లావు అక్షరాలూ ఉన్నాయి, కాని అవి పెద్దవి. చిన్నగానూ లావుగానూ ఉన్నవి ఐలేశం దగ్గరే కాదు, ఆ టైపు పోతపోసి అమ్మిన కంపెనీ దగ్గరే లేవు. ఆ రెండు గుణాలూ ఒకే అక్షరంలో కావాలనే మనిషి ఉంటాడని వాళ్లు ఊహించలేదు. వాళ్లకు బాలయ్య తెలియడు.

ముందు పెద్ద లావు అక్షరాలు పెట్టి ప్రూఫు తీశాడు. జంగయ్య పేరు పక్కన ఆ రెండూ మేకల మందలో దున్నపోతుల్లా నిలబడ్డాయి. వాటిని పీకేసి సన్న స్మాల్ క్యాపులు పెట్టాడు. కాస్త లావెక్కుతాయేమోనని రంగు దట్టంగా పూసి, ఒకే కాగితాన్ని రెండుసార్లు ఒత్తాడు. బి పొట్టలోని సందులు రెండూ పూడుకుపోయాయి.

చాయ్ గ్లాసు తీసుకుపోవడానికి వచ్చిన భార్య గుర్వమ్మ వంగి చూసింది. "గిదేంది, పిలగాని పేరు మీద ఈగలు వాలినయా?"

ఐలేశం చెప్పులేసుకుని రెండు వీధుల అవతల ఉన్న లతీఫ్ ప్రెస్సుకు పోయాడు. లతీఫ్ వెనకటి నుంచి ఉర్దూ అచ్చు పనివాడు. ఇప్పుడు సర్కారు దఫ్తర్లకు ఇంగ్లీషు ఫారాలు కొడుతున్నాడు, అందుకని అతని దగ్గర ఇంగ్లీషు టైపు అన్ని సైజుల్లో ఉంది. తెలుగు టైపు మాత్రం గుప్పెడు కూడా లేదు. కథ విని లతీఫ్ నవ్వాడు.

"చిన్నగ, లావుగ అంటే యాడ దొరుకుతది ఐలేశం భాయ్. గట్ల ఎవ్వడు చెయ్యడు. నువ్వొక పని చెయ్. నీ కార్డు టైపు కంటె చిన్న సైజుల లావు పెద్దక్షరాలు తీస్కపో. చిన్న సైజుల పెద్దక్షరం, నీ సైజుల చిన్నక్షరమంతే ఎత్తుంటది. చుట్టు సందులు బిగిస్తే సరి."

"బతికిచ్చినవ్ లతీఫ్ భాయ్."

"ఇంకొక మాట ఇను. ప్రూఫు ఇంట్ల ఎవ్వలకు సూపియ్యకు. సక్కగ అచ్చు కొట్టి బస్సెక్కు. జర యాద్ పెట్టుకో."

ఐలేశం తలూపాడు. ఇంటికి వచ్చి ఆ రెండక్షరాలూ కూర్చి ప్రూఫు తీస్తే, బాలయ్య నోటితో చెప్పింది కాగితం మీద ఉంది. చిన్నగా, లావుగా, సభ్యతగా. అంత బాగా కుదిరిన పనిని ఎవరికీ చూపించకుండా ఉండాలంటే మనిషికి చాలా నిగ్రహం కావాలి. ఐలేశం అచ్చు పనివాడే కాని ముని కాదు. గుర్వమ్మను పిలిచాడు.

గుర్వమ్మ అచ్చాఫీసు ఇల్లాలు కాబట్టి అక్షరాలు కూడబలుక్కుంటుంది. ప్రూఫును వెలుతురుకు పెట్టి చూసింది. "పిలగాడు సన్నగున్నడు, సదువు లావుగుంది. మనం పిల్లను పిలగానికిస్తున్నమా, సదువుకిస్తున్నమా?"

ఐలేశం మళ్లీ చూశాడు. ఆమె అన్నది నిజమే. సన్నటి జంగయ్య పక్కన నల్లటి బి.ఏ. కూర్చుని అతన్ని ఊరేగింపుకు తీసుకుపోతున్నట్టుంది. సరే, జంగయ్య పేరు లావుగా మార్చాడు.

"మరి నా బిడ్డ? ఆయన దుక్కలెక్కుండి, ఇది పుల్లలెక్కుంటే జోడెట్ల కుదురుతది?"

అండాలు పేరు కూడా లావైంది. అదే సమయానికి మక్తల్ బస్సు దిగి ఎల్లయ్య వచ్చాడు. గుర్వమ్మకు తమ్ముడు, అండాలుకు మేనమామ. భుజాన గొంగడి, చేతిలో కర్ర, మంద నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు. చదువు రాదు కాని తన పేరు ఎక్కడుందో అక్కను అడిగి తెలుసుకున్నాడు. ఆ పేరు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పెండ్లికొడుకు పేరు దాకా పోనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చాడు.

"బావా, వాళ్లు బలిసిన్రు, నేను బక్కగైన. ఏం సంగతి?"

"వాళ్లు పెండ్లోళ్లు ఎల్లయ్యా."

"పిల్లను బుట్టల కూసోవెట్టి పందిట్లకు మోసుకొచ్చేదెవరు? మేనమామ. మోసెటోడు గీ కార్డుల లెక్క బక్కగుంటె యాడ మోస్తడు. మీరే మోస్కోన్రి." గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. ఇక బయలుదేరతాడన్నమాట.

మేనమామ మోయని పిల్లను పందిట్లోకి తేవడం వాళ్లలో లేదు. ఎల్లయ్య కూడా లావయ్యాడు. ఈలోగా లోపలి గదిలో మంచం మీదున్న ఐలేశం తల్లి నర్సింగమ్మకు వార్త చేరింది. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి గుమ్మంలో కూలబడింది.

"అందరి పేర్లు లావు చేస్తున్నవట. మీ బాపు పేరు సన్నగనే ఉంచినవట. బతికున్నన్నాళ్లు మనిషి సన్నగనే ఉండె. సచ్చినంకనన్న జర ఒళ్లు చెయ్యనియ్యి కొడుకా."

కీర్తిశేషులు కురుమయ్య గారి పేరు లావైంది. ఆ వెనకే నర్సింగమ్మ పేరు, ఆమెతో పాటు ఐలేశం, గుర్వమ్మల పేర్లు. ఇప్పుడు పేర్ల మధ్య సన్నగా మిగిలిన 'గారి', 'కుమారుడు', 'నివాసి' లాంటి మాటలు పండ్లూడిన నోరులా కనబడుతున్నాయి. ఇంత దూరం వచ్చాక వాటికెందుకు లోటు చెయ్యాలని ఐలేశం వాటినీ మార్చాడు. మొత్తం కార్డు నల్లగా నిండింది. చేతులు తుడుచుకుని, వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చినవాడు నడుమ ఒకచోట ఆగిపోయాడు.

కొల్లాపూర్ నివాసి శ్రీ బాలయ్య గారు సన్నగా ఉన్నారు.

ఐలేశం చేసిన పాపమేమీ లేదు. ఇంట్లో ఎవరు అరిస్తే వాళ్ల పేరు లావు చేసుకుంటూ వచ్చాడు. బాలయ్య కొల్లాపూర్‌లో ఉన్నాడు, అరవలేదు. గబగబా లావు టైపు గూళ్లలో చెయ్యి పెట్టాడు. బా దొరికింది, ల దొరికింది, య దొరికింది. య కింద పెట్టాల్సిన వొత్తు దొరకలేదు. లావు టైపు కొన్నది 'శ్రీరస్తు, శుభమస్తు' లాంటి కార్డు పైభాగపు మాటల కోసం కాబట్టి ఆ వొత్తులు మూడే తెచ్చుకున్నాడు. జంగయ్య ఒకటి, ఎల్లయ్య ఒకటి, కురుమయ్య ఒకటి తీసుకుని కూర్చున్నారు. లావు తెలుగు టైపు ఇంకెక్కడన్నా ఉందంటే హైదరాబాదులోనే. పోయి వచ్చేసరికి అమావాస్య కూడా దాటిపోతుంది.

"ఎల్లయ్యా, నీ పేర్ల వొత్తు ఒక్కటి జర ఇయ్యరాదు. పెండ్లి మునుగుతాంది."

ఎల్లయ్య అచ్చు పలక మీద తన పేరు మీద అరచెయ్యి పెట్టాడు. "నీ పేర్లదే తీస్కో."

"నా పేర్ల గా వొత్తు లేదు. ఐలేశమని పెట్టిండు మా బాపు."

"గయితే గది మీ బాపు తప్పు."

"మా ఆయన్నేమన్న అంటే మంచిగుండదు ఎల్లయ్యా," అంది గుమ్మంలోంచి నర్సింగమ్మ. కురుమయ్య వొత్తు సంగతి ఇక అడగక్కర్లేదని ఐలేశానికి అర్థమైంది. జంగయ్యది తీస్తే చదువు మళ్లీ అతన్ని ఊరేగిస్తుంది. లావు య కింద సన్న వొత్తు తగిలించి చూశాడు. వియ్యంకుడికి కాలు విరిగినట్టు కనబడింది. పోనీ అందరినీ మళ్లీ సన్నగా చేద్దామంటే, లావు రుచి చూసిన ఎల్లయ్య కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

బస్సు వేళ అయింది. వేరే దారి లేక సన్న బాలయ్యనే మళ్లీ పెట్టాడు. సన్న పేరు తక్కువ చోటు పడుతుంది కాబట్టి, వరుస బిగియడానికి అటూ ఇటూ ఖాళీ సీసం ముక్కలు కూరాడు. కార్డులు కొట్టాడు, గుర్వమ్మ పసుపు రాసింది. లోపల అండాలు ఏదో పాట పాడుకుంటోంది. ఐలేశం ఆ పాట వినలేక గబగబా బయటికి నడిచాడు.

బస్సులో దారి పొడుగునా అబద్ధాలు కూర్చుకుంటూ పోయాడు. మిషను చెడిపోయిందనాలా? కండ్లు కనబడలేదనాలా? పనివాడు చేశాడని అందామంటే అచ్చాఫీసులో తాను తప్ప పనివాడు లేడు.

"బాలయ్యన్నకు సదువొస్తదా బావా?" అడిగాడు ఎల్లయ్య.

"వస్తది. గదే మన కర్మ."

పొద్దు వాలేసరికి కొల్లాపూర్ చేరారు. బాలయ్య ఇంటి ముందర గొంగళ్లు పరిచి కులపెద్దలందరినీ కూర్చోబెట్టాడు. బి.ఏ. అచ్చైన కార్డు వస్తోందని ఊరంతా చెప్పుకున్నట్టున్నాడు. ఎల్లయ్య ఇత్తడి పళ్లెంలో ఆకులు, వక్కలు సర్ది, మీద కార్డు పెట్టి ఇచ్చాడు. ఐలేశం దాన్ని రెండు చేతులా వియ్యంకుడికి అందించి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

బాలయ్య కార్డు తీసి చేతులు చాచినంత దూరంలో పెట్టుకుని చూశాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ దూరం పెట్టాడు. మనిషి ముఖంలో ఏదీ కదలలేదు. ఐలేశానికి బంతిలో పప్పు కళ్ల ముందు కనబడింది.

"బావా, గదేమైందంటే..."

"ఆగు," అన్నాడు బాలయ్య.

ఐలేశం ఆగిపోయాడు. బాలయ్య కార్డును కులపెద్దల వైపు తిప్పాడు.

"సూసిన్రా? అందర్ని గుంపుల కలిపేసిండు. నన్నొక్కన్ని ఇవుతలికి జరిపి, చుట్టు జాగ ఇడిసి, పక్కకు కూసోవెట్టిండు. కండ్లజోడు లేకుండ నాకు కనవడుతున్నది నా పేరొక్కటే. తక్కినయన్ని గొంగడి పరిచినట్టున్నయి."

కార్డు చేతులు మారింది. చదువు వచ్చినవాళ్లు ఒకసారి, రానివాళ్లు రెండుసార్లు చూశారు. బాలయ్య మేనత్త బిక్షమ్మ ముఖానికి ఆనించుకుని చూసి, "నల్లటి మందల గీ తెల్లగ కూసున్నదెవరురా?" అనడిగింది.

"నేనే అత్తా," అన్నాడు బాలయ్య. అన్నాక లేచి వచ్చి ఐలేశాన్ని కౌగిలించుకున్నాడు. "వియ్యంకునికి ఇంత మర్యాద ఎవ్వడు చెయ్యలే బావా. నీ బిడ్డ నా ఇంట్ల రాణి లెక్కుంటది."

ఐలేశానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అండాలు పాట బతికింది. ఇక నోరు మూసుకుని భోజనానికి లేస్తే సరిపోయేది. కాని పొద్దుటి నుంచి దేనికోసం అంత పాటుపడ్డాడో దాన్ని వియ్యంకుడు కన్నెత్తి అయినా చూడలేదే అని అచ్చు పనివాడి మనసు ఊరుకోలేదు.

"బి.ఏ. మంచిగ కుదిరిందా బావా? చిన్నగ, లావుగ పెట్టిన."

"యాడుంది?"

ఐలేశం వేలు పెట్టి చూపించాడు. బాలయ్య వంగి, కళ్లు చిట్లించి చూశాడు.

"గిదా. రంగు మరక పడ్డదేమో అనుకున్న. పోనీ తియ్యి, పిలగాడు పాసైన సంగతి అందరికెరుకే."

మర్నాడు తెల్లవారి బస్సులో తిరిగివస్తుంటే ఎల్లయ్య మడత పెట్టుకున్న కార్డు గొంగట్లోంచి తీసి చూస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు. నాగర్‌కర్నూల్ దాటాక గొంతు సవరించుకున్నాడు.

"బావా, మా మక్తల్ దిక్కు పంచే కార్డులు ఇంక కొట్టలేదు గద?"

"లేదు."

"గా కార్డులల్ల నా పేరు సన్నగ ఎయ్యి. అటిటు జర జాగ ఇడువు."

"నిన్న లావు కావాలంటివి."

"నిన్న నాకు ఎరుక లేకుండె."

ఇంటికి చేరేసరికి, రాత్రే లారీలో వచ్చిన కొల్లాపూర్ మనిషెవరో సంగతంతా చెప్పేశాడు. గుర్వమ్మ గుమ్మంలోనే నిలబడి అండాలు పేరు సన్నగా మార్చమంది. కురుమయ్యను సన్నగానే ఉండనియ్యమని, ఆయన ఎప్పుడూ అట్లాగే ఉండేవాడని నర్సింగమ్మ లోపలి నుంచి కబురంపింది. అండాలు పెండ్లి ఏ లోటూ లేకుండా జరిగింది. ఎల్లయ్య బుట్ట మోశాడు. బాలయ్య విస్తట్లో పప్పు అందరికంటే ముందు పడింది. పెండ్లికి వచ్చిన ప్రతివాడూ ఆ కార్డు చూశాడు. ఆ మరుసటి వారం నుంచి ఐలేశం దగ్గరికి నేరుగా వచ్చినవాళ్లూ, లతీఫ్ పంపగా వచ్చినవాళ్లూ అంతా ఒకటే అడిగారు, తమ పేరు సన్నగా వెయ్యమని. ఆ ఏడు ఐలేశం అచ్చాఫీసులో పెండ్లి కార్డుల మీద లావు అక్షరాల్లో మిగిలింది భోజనాల వేళ ఒక్కటే.